కోరంగి రేవు నుంచి మారిషస్ దాకా

హిందూ మహాసముద్రం పటం ముందు పెట్టుకుని, ఆఫ్రికా ఖండం నుంచి తూర్పుగా వేలు జరపండి. ముందు మడగాస్కర్ అనే పెద్ద ద్వీపం తగులుతుంది. దాన్ని దాటి మరో అయిదువందల మైళ్లు పోతే, కలం విదిలించినప్పుడు పడిన సిరా చుక్కలాంటిది ఒకటి కనిపిస్తుంది. అదే మారిషస్. కన్యాకుమారికి నైరుతి దిశగా సుమారు 2,400 మైళ్ల దూరం. పొడవు నలభై మైళ్లకు తక్కువ, వెడల్పు ముప్ఫై మైళ్లకు తక్కువ. పొద్దున్నే కారెక్కితే సాయంకాలం దీపాలు పెట్టే వేళకు దీవి చుట్టి రావచ్చు. జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. తూర్పున మూడువందల యాభై మైళ్ల అవతల వున్న రాడ్రిగ్స్ ద్వీపమూ, ఉత్తరాన వున్న అగలేగా దీవులూ కూడా యీ దేశంలోవే.

నేను అక్కడికి వెళ్లింది సముద్రం చూడడానికి కాదు. మాది విశాఖపట్నం, సముద్రానికి మాకు కొదవ లేదు. నూట యాభై, నూట ఎనభై ఏళ్ల కిందట మన రేవుల్లో ఓడలెక్కి వెళ్లినవారి మనుమలూ మునిమనుమలూ యిప్పుడు ఎలా వున్నారో, వాళ్ల నోట మన భాష ఏ మేరకు మిగిలిందో చూసి రావాలని వెళ్లాను. కాని ఆ సంగతికి రావాలంటే ముందు ఆ దీవి కథ కొంత చెప్పాలి.

నిప్పులో పుట్టిన నేల

సుమారు ఎనభై లక్షల సంవత్సరాల కిందట సముద్రగర్భంలో అగ్నిపర్వతం బద్దలై, ఆ లావా గడ్డకట్టి పైకి లేచిన నేల యిది. కొండలు పెద్ద ఎత్తు కావు. అన్నింటికన్నా ఎత్తయిన శిఖరం 2,717 అడుగులు మాత్రమే. అయినా వాటి ఆకారాలు మాత్రం చిత్రంగా వుంటాయి. రాజధాని పోర్ట్ లూయీ వెనుక నిలబడిన కొండల్లో ఒకదాని పేరు "బొటనవేలు". 1836లో డార్విన్ మహాశయుడు ఓడ దిగి యీ కొండెక్కాడు. దాని పక్కన మరో కొండ కొన మీద మనిషి తలకాయలాంటి బండ ఒకటి, యిప్పుడో అప్పుడో దొర్లి పడుతుందేమో అన్నట్టు నిలబడి వుంటుంది. శతాబ్దాల తరబడి అలాగే వుంది. 1615లో యీ దీవి తీరాన ఓడ పగిలి చనిపోయిన డచ్చి గవర్నరు జనరలు పీటర్ బోత్ పేరే ఆ కొండకు పెట్టారు.

దీవి చుట్టూ చాలా మేరకు పగడపు దిబ్బల గోడ వుంది. పెద్ద కెరటాలన్నీ ఆ గోడకే కొట్టుకుని విరిగిపోతాయి. లోపల నీరు చెరువులా ప్రశాంతంగా, లేత ఆకుపచ్చ రంగులో వుంటుంది. గోడ అవతల నీరు కారునీలం. ఆ రెండు రంగుల మధ్య తెల్లని నురుగు గీత. విమానం దిగబోయే ముందు యిది చూసినవాళ్లు కిటికీ వదిలిపెట్టరు.

భూమధ్యరేఖకు దక్షిణాన వుండడం వల్ల ఋతువులన్నీ మనకు తలకిందులు. మనకు వడగాడ్పులు కొట్టే మే నెలలో అక్కడ చలి మొదలవుతుంది. మనం సంక్రాంతికి చలిమంటలు వేసుకునే రోజుల్లో వాళ్లకు ఎండలూ, వానలూ, తుఫాను భయమూను. 1960 ఫిబ్రవరిలో వచ్చిన కెరోల్ తుఫానును ముసలివాళ్లు యిప్పటికీ తలుచుకుంటారు. గడ్డి యిళ్లూ, రేకుల యిళ్లూ ఎగిరిపోయాయి. ఆ తరువాతనే జనం కాంక్రీటు యిళ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. చెట్లు ఎంత అందంగా వున్న వూళ్లో అయినా యిళ్లు మాత్రం పెట్టెల్లా, చదరపు కప్పులతో వుండడానికి కారణం యిదే.

ఎగరలేని పక్షి

మారిషస్‌లో మొదట మనుషులు లేరు. అరబ్బు నావికులకు యీ దీవి తెలుసు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారూ వచ్చి చూసి పోయారు. 1598లో డచ్చివారు దిగి తమ రాజకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1638లో కాపురం పెట్టారు. జావా నుంచి చెరకు తెచ్చి నాటారు. లేళ్లను తెచ్చి అడవుల్లో వదిలారు. వాళ్ల ఓడల్లో ఎలుకలూ వచ్చాయి.

అప్పటికి ఆ అడవుల్లో డోడో అనే పక్షి వుండేది. పావురం జాతిదే కాని కాయంలో మన టర్కీకోడి కంటె పెద్దది. శత్రువన్న వాడెవడూ లేని దీవి కనుక రెక్కలతో దానికి పని పడలేదు; ఎగరడం మరచిపోయింది. గుడ్డు నేల మీదనే పెట్టేది. పందులూ, ఎలుకలూ, కోతులూ గుడ్లు తినివేశాయి. అడవులు నరికారు. మనుషులు కంటబడిన వాటిని చంపారు. డచ్చివారు వచ్చి నూరేళ్లు నిండకముందే డోడో జాతి నశించింది. ప్రాణంతో వున్న డోడో బొమ్మల్లో ఎంచదగ్గది జహంగీరు చక్రవర్తి ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ వేశాడని చెప్పేది. అంటే ఆ పక్షి మన దేశం దాకా ప్రయాణం చేసి వచ్చిందన్నమాట! ఈనాడు మారిషస్ రాజముద్రలో ఒక పక్క డోడో, మరో పక్క లేడి నిలబడి వుంటాయి. లేనిపోయిన పక్షిని రాజముద్ర మీద పెట్టుకున్న దేశం, వున్న పక్షుల్ని మాత్రం కాపాడుకుంటున్నది. 1974లో ఆ దీవి డేగజాతి పక్షులు అడవిలో నాలుగంటే నాలుగే మిగిలాయి. శ్రమపడి వాటి గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి, వందల సంఖ్యకు తీసుకువచ్చారు.

డచ్చివారు 1710లో విసిగి వెళ్లిపోయారు. 1715లో ఫ్రెంచివారు వచ్చారు. వాళ్ల గవర్నర్లలో పేరు పొందినవాడు 1735లో వచ్చిన లా బూర్డొనే. పోర్ట్ లూయీ రేవును నగరంగా చేసింది యితడే. కట్టడాల పనికి పుదుచ్చేరి నుంచి పనివాళ్లను రప్పించాడు. 1746లో యింగ్లీషువారి చేతిలో నుంచి చెన్నపట్నం కోటను పట్టుకున్నది కూడా యితడే. మన చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంలో వచ్చిపోయే మనిషికి అక్కడ సముద్రం వైపు చూస్తూ నిలువెత్తు విగ్రహం వుంది.

1810 డిసెంబరులో యింగ్లీషువారు దీవిని గెలిచారు. అయితే ఫ్రెంచివారి చట్టాలూ, భాషా, మతమూ అలాగే వుంచడానికి ఒప్పుకున్నారు. అందువల్ల నేటికీ అక్కడ పాలన యింగ్లీషులో, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో, యింటా బజారునా మాట్లాడేది క్రెయోల్‌లో. క్రెయోల్ అంటే బానిసలు తమ యజమానుల ఫ్రెంచిని తమ నోటికి అనువుగా మలుచుకున్న భాష.

కొండ మీద, రేవు మెట్ల మీద

మారిషస్‌ను నిలబెట్టినది చెరకు. ఆ చెరకును మొదట నాటినవారు మడగాస్కర్ నుంచీ, తూర్పు ఆఫ్రికా నుంచీ పట్టి తెచ్చిన బానిసలు. పారిపోయిన బానిసలు నైరుతి మూల వున్న లె మోర్న్ అనే కొండ గుహల్లో తలదాచుకునేవారు. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి పోలీసులు ఆ కొండకు వెళితే, తమను పట్టుకోవడానికే వస్తున్నారని భ్రమపడి బానిసలు పై నుంచి దూకి చనిపోయారని ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా ఆ కొండ వంక చూసినప్పుడు గుండె బరువెక్కుతుంది. 2008లో యునెస్కోవారు దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం పోయింది. యజమానులకు ఇరవై లక్షల పౌన్లకు పైగా నష్టపరిహారం ముట్టింది. బానిసలకు దమ్మిడీ ముట్టలేదు. మరి చెరకు కొట్టేదెవరు? తోటల దొరల చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న "అట్లాస్" అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తెచ్చి పోర్ట్ లూయీలో దించింది. అది మొదలు 1920 వరకూ సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు.

వాళ్లు ఎక్కివచ్చిన మెట్లు యిప్పటికీ వున్నాయి. పదహారు నల్లరాతి మెట్లు. ఒకప్పుడు కూలీ ఘాట్ అనేవారు. యిప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 1849లో అక్కడ కూలీల డిపో కట్టారు. రోడ్డు వేయడం కోసం చాలా భాగం పడగొట్టగా, పాత డిపోలో ఆరో వంతు కూడా మిగలలేదు. 2006లో యిదీ ప్రపంచ వారసత్వ స్థలమైంది. నేను ఆ మెట్లెక్కాను. పెద్దగా శ్రమ లేదు, నిమిషం పట్టదు. వారాల తరబడి తెరచాప ఓడ అడుగున కూర్చుని, కాళ్లు తిమ్మిరెక్కి, పిల్లను చంకనేసుకుని ఎక్కినవాళ్లకు మాత్రం అది నిమిషం పని అయి వుండదు.

పత్రం మీద వేలిముద్ర వేస్తే అయిదేళ్ల వొప్పందం. మగవానికి నెలకు అయిదు రూపాయలు జీతం, కొలత ప్రకారం బియ్యం, పప్పు, ఉప్పు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత! దాన్నే "డబుల్ కట్" అనేవారు. గడువు తీరినవాడు కూడా బొమ్మ అంటించిన చీటీ జేబులో లేకుండా రోడ్డు మీద కనబడితే, దేశదిమ్మరి అని జైల్లో పెట్టేవారు. 1871లో ఆడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లదొర ఒకడు యీ అన్యాయాల మీద అర్జీ రాసి, 9,401 మంది భారతీయుల చేత సంతకాలు చేయించి గవర్నరుకు యిచ్చాడు. తోటల యజమానులు అతని మీద మండిపడ్డారు. ఆ అర్జీ వల్లనే విచారణకు రాయల్ కమిషను వచ్చింది.

వీటికి తోడు 1860లలో మలేరియా వచ్చి వేలకు వేల మందిని పొట్టన పెట్టుకుంది. కలిగినవాళ్లు పోర్ట్ లూయీ వదిలి చల్లని మెట్టప్రాంతాలకు యిళ్లు మార్చుకున్నారు; కూలీలు ఎక్కడికి పోతారు? మలేరియాకు దోమే కారణమని 1897లో మన సికిందరాబాదులో కనిపెట్టిన రోనాల్డ్ రాస్‌నే, తరువాత పదేళ్లకు సలహా కోసం మారిషస్ ప్రభుత్వం పిలిపించుకుంది.

దీవిలో ఎటు వెళ్లినా చెరకు తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు, చిన్న చిన్న గోపురాల్లా పేర్చినవి, కనిపిస్తాయి. ఏ దేవుడి గుళ్లో అనుకుంటాం. కావు. అగ్నిపర్వతపు నేల కనుక ఎక్కడ తవ్వినా రాయే. చెరకు నాటడానికి చోటు కావాలని ఆ రాళ్లను చేతులతో ఏరి, నెత్తిన మోసి, ఒక చోట పోసిన గుట్టలివి. కూలీల పేరు చెక్కిన శిలాఫలకం ఒక్కటి లేని ఆ తోటల్లో వాళ్ల జ్ఞాపకచిహ్నాలు యివే అనుకోవాలి.

1901లో దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి వస్తున్న గాంధీగారు దారిలో మూడు వారాల పాటు మారిషస్‌లో ఆగారు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని భారతీయులకు చెప్పారు. ఆ మాట వృథా పోలేదు. సాయంకాలం తోటపని అయ్యాక "బైఠకా" అనే పాకలో చేరి, లాంతరు వెలుగులో పిల్లలకు అక్షరాలు దిద్దించుకున్నారు. దొరలు అమ్మిన చెక్కలు ముక్కలు కొనుక్కుని సొంత చెరకు నాటుకున్నారు. కూలి పెంచమని అడిగినందుకు 1943లో బెల్‌వ్యూ తోటలో పోలీసులు కాల్పులు జరిపితే నలుగురు చనిపోయారు. అందులో అంజలై కూపెన్ అనే గర్భవతి ఒకామె. నేడు దేశంలోని పెద్ద క్రీడామైదానాల్లో ఒకదానికి ఆమె పేరు పెట్టారు. 1968 మార్చి 12న శివసాగర్ రాంగులాం ప్రధానిగా దేశం స్వతంత్రమైంది. గాంధీగారు దండియాత్రకు బయలుదేరిన తేదీ కూడా మార్చి 12 కావడం తెలిసినవారికి సంతోషం కలిగిస్తుంది. 1992లో అదే తేదీన గణతంత్రమైంది.

బెల్లం వెయ్యని బొబ్బట్టు

ఇక భోజనం సంగతి. పోర్ట్ లూయీ బజారులో పట్టపగలు క్యూలో నిలబడి జనం కొనుక్కు తినేది "డాల్ పూరీ". ఉడికించి పొడి చేసిన పప్పును పిండిలో పెట్టి, పల్చగా వత్తి, పెనం మీద కాల్చి, కూర రాసి చుట్టి యిస్తారు. తింటూ వుంటే యిదెక్కడో తెలిసిన రుచి అనిపించింది. బెల్లం వెయ్యని బొబ్బట్టు! "గాటో పిమా" అని ఫ్రెంచి పేరు పెట్టి అమ్మేది మన మసాలా వడకు సొంత చెల్లెలు. కరివేపాకును వాళ్లు "కారిపూలే" అంటారు. అది అరవం నుంచి వచ్చిన మాట. మునగాకు కూర అక్కడ చీనావాడి యింట్లోనూ వండుతారు. నాణెం పేరు కూడా రూపాయే.

జనాభాలో మూడింట రెండు వంతుల మంది భారత సంతతివారు. మిగిలినవారు ఆఫ్రికా సంతతి క్రెయోల్ జనం, కొద్దిమంది చీనావారు, మరీ కొద్దిమంది ఫ్రెంచి సంతతి తెల్లవారు. శివరాత్రి వచ్చిందంటే లక్షల మంది తెల్లబట్టలు కట్టుకుని, వెదురుతో కట్టిన కావళ్లు భుజాన వేసుకుని, కొండల నడుమ వున్న గంగా తలావ్ అనే సరస్సుకు కాలినడకన వెళతారు. దారి పొడుగునా అన్ని మతాలవారూ వాళ్లకు మంచినీళ్లూ, పళ్లూ అందిస్తారు. సముద్రపు వొడ్డున రాత్రివేళ క్రెయోల్‌వారి సేగా నృత్యం చూడాలి. మేకతోలు బిగించిన "రవాన్" అనే డప్పును ముందు మంట దగ్గర కాచి, శ్రుతి కుదిరాక మొదలుపెడతారు. బానిసల కాలంలో పుట్టిన పాట అది. మన పల్లెల్లో డప్పు కాచుకోవడం చూసినవాళ్లకు ఆ మంట చూడగానే చెయ్యి తాళం వేస్తుంది.

మనవాళ్ల సంగతి

కాకినాడ దగ్గర కోరంగి అని గొప్ప రేవు వుండేది. 1839 నవంబరులో వచ్చిన వుప్పెన దాన్ని దెబ్బతీసింది. తరువాత యిసుక మేసి రేవు రేవు కాకుండా పోయింది. కాని ఆ పేరు మాత్రం సముద్రాలు దాటింది. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువారిని "కోరంగీలు" అనే పిలిచేవారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారు వీరిలో చాలామంది.

దిగిన ప్రతి కూలీకి ఒక నంబరు యిచ్చేవారు. పేరు, తండ్రి పేరు, కులం, వూరు, వయస్సు పెద్ద పుస్తకాల్లో రాసేవారు. తరువాతి రోజుల్లో ఫొటోలు కూడా తీశారు. ఆ పుస్తకాలన్నీ యిప్పుడు మోకా అనే వూళ్లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా వున్నాయి. యింగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. అప్పయ్యా, అప్పన్నా, వీరాసామీ అందరూ కొత్త అక్షరక్రమాల్లో కొత్త మనుషులయ్యారు. పైగా మనకు యింటిపేరు ముందు, పేరు వెనుక. గుమాస్తాకు ఆ సంగతి తెలియదు. తాత పేరే మనుమలకు యింటిపేరై స్థిరపడింది. అసలు యింటిపేరు మెట్ల దగ్గరే నిలిచిపోయింది.

నన్ను దీవి తిప్పి చూపించిన డ్రైవరు కూడా తెలుగు సంతతివాడే. నలభై ఏళ్ల వాడు. నాతో యింగ్లీషు, భార్యతో ఫోనులో క్రెయోల్. మీ యింటిపేరేమిటని అడిగితే అప్పన్న అన్నాడు.

"అది యింటిపేరు కాదు నాయనా, మా వూరి దేవుడి పేరు. సింహాచలంలో వుంటాడు," అన్నాను.

బండి పక్కకు తీసి ఆపాడు. "సింహాద్రి అప్పన్న మా వూళ్లో కూడా వున్నాడు. ఏటా పూజ చేస్తాం. అంటే ఆ కొండ నిజంగా వుందా?" అని అడిగాడు.

వుందని చెప్పాను. మెట్లున్నాయనీ, సంపెంగలు పూస్తాయనీ, ఏడాదికి ఒక్కనాడు తప్ప స్వామి చందనం పూతలోనే వుంటాడనీ చెప్పాను. అతడు శ్రద్ధగా విని, "మా అమ్మకు చెప్పాలి," అన్నాడు. ఆ సాయంత్రం నన్ను తన యింటికి తీసుకువెళ్లాడు.

ఆమెకు ఎనభై దాటాయి. తెలుగు మాట్లాడలేదు. కాని పాడుతుంది! తెలుగువారి పల్లెల్లో రామభజనం అని చేస్తారు. దీపస్తంభం నడుమ పెట్టి, చుట్టూ తిరుగుతూ, తాళాలతో తెల్లవార్లూ పాడతారు. ఆ పాటలు ఆమె తల్లి దగ్గర నేర్చుకుంది, ఆ తల్లి తన తల్లి దగ్గర. ఒక పాట పాడి వినిపించింది. మాటలు అక్కడక్కడా అరిగిపోయి వున్నాయి, చాలాకాలం చెలామణీ అయిన నాణెం మీద అక్షరాల్లా. కాని వరస మాత్రం చెక్కుచెదరలేదు. అది మా వైపు పల్లెల భజన వరసే.

పాట అయ్యాక ఆమె క్రెయోల్‌లో ఏదో అంది. కొడుకు యింగ్లీషులో చెప్పాడు: "అర్థం చెప్పమంటోంది. డెబ్బై ఏళ్లుగా పాడుతోంది, అర్థం తెలియదు."

ఒక్కొక్క చరణమే నేను యింగ్లీషులో చెబితే, అతడు క్రెయోల్‌లోకి మార్చి ఆమె చెవిలో చెప్పాడు. ఆమె మధ్య మధ్య తలవూపింది. ఒక చోట నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తెలుగుపాటకు అర్థం రెండు పరాయి భాషలు దాటి ఒక తెలుగు ముసలమ్మకు చేరడం నా కళ్లెదుట జరిగింది.

ఇది వినగానే, అక్కడ తెలుగు చచ్చిపోయిందని అనుకోకండి. యింటి భాషగా పోయిన మాట నిజమే. ఆ సంగతి తెలిసే పెద్దలు 1940లలోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ప్రభుత్వ పాఠశాలల్లో కావలసిన పిల్లలు తెలుగు చదువుకోవచ్చు. మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పై చదువుకూ తెలుగు వుంది. రేడియోలో, టెలివిజనులో తెలుగు కార్యక్రమాలు వస్తాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. ఉగాది దేశమంతటికీ సెలవు దినం. నతాషా అప్పన్న అనే తెలుగు సంతతి రచయిత్రి ఫ్రెంచి భాషలో నవలలు రాసి గొప్ప పేరు తెచ్చుకుంది. 2003లో వచ్చిన ఆమె మొదటి నవలలోని కథ, యిలా ఓడలెక్కి వచ్చిన కూలీల కథే.

2024 మార్చిలో మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ వెళ్లినప్పుడు, ఏడో తరం వరకూ భారత సంతతివారికి ప్రవాస పౌరసత్వపు కార్డు యిస్తామని ప్రకటించారు. కార్డు కావాలంటే తమ పూర్వీకుడెవరో రుజువు చూపాలి. అందువల్ల మోకాలోని ఆ పాత పుస్తకాలకు మళ్లీ గిరాకీ వచ్చింది. పశువుల మందలా లెక్కపెట్టడానికి రాసుకున్న నంబరే యీనాడు మునిమనుమడికి తాతను వెతికి పెడుతున్నది.

చెరకు దీవి కష్టాలు

కష్టాలు లేవని కాదు. ఒకప్పుడు చెరకు తప్ప మరొకటి లేని దేశం, 1970ల నుంచి బట్టల ఫ్యాక్టరీలూ, తరువాత యాత్రికుల హోటళ్లూ, బ్యాంకులూ పెంచుకుని నిలదొక్కుకుంది. సెకండరీ చదువు 1977 నుంచి ఉచితం. వైద్యమూ ఉచితమే. 1964లో ఎత్తివేసిన రైలును మన దేశపు సహాయంతో మెట్రోగా మళ్లీ తెచ్చుకుంది. కాని సముద్రం మీద బతికే దేశానికి సముద్రమే భయం. 2020 జూలైలో వకాషియో అనే జపాను ఓడ పగడపు దిబ్బకు తగులుకుంది. పన్నెండు రోజుల తరువాత దాని చమురు నీళ్లలోకి పొర్లింది. అప్పుడు జనం ప్రభుత్వం కోసం చూస్తూ కూర్చోలేదు. చెరకు ఆకులు గోతాల్లో కూరి, తలలు కత్తిరించుకుని ఆ వెంట్రుకలు కూడా చేర్చి, చమురును అడ్డే తెప్పలు కుట్టారు. హిందువులూ, ముస్లిములూ, క్రైస్తవులూ ఒకే వరుసలో నల్లటి చేతులతో నిలబడ్డారు. చాగోస్ దీవుల తగాదా మరొకటి. 1965లో యింగ్లీషువారు వాటిని మారిషస్ నుంచి విడదీసి, అక్కడివారిని వెళ్లగొట్టి, డీగో గార్షియాను అమెరికా స్థావరానికి యిచ్చారు. ఆ దీవుల్ని తిరిగి యిచ్చే ఒప్పందం మీద 2025 మేలో సంతకాలయ్యాయి.

చివరిగా ఒక్క మాట. అక్కడి తెలుగువారి పండుగల్లో అమ్మోరు పండుగ ఒకటి. "అమ్మోరు" అని మన పల్లెల్లో అన్నట్టే అంటారు. నేను కలుసుకున్న ఒక తెలుగు మాస్టారికి యీ మాటతో చిక్కు వచ్చిందట. పాఠ్యపుస్తకంలో "అమ్మవారు" అని వుంది. పిల్లలు యింటికి వెళ్లి, "నాయనమ్మా, నువ్వు తప్పు మాట్లాడుతున్నావు," అన్నారట. ముసలమ్మలు చిన్నబుచ్చుకున్నారు. వాళ్లకు మిగిలిన తెలుగు నాలుగైదు మాటలే; అందులో ఒకటి తప్పని తేలింది!

"మరి మీరేం చేశారు?" అని అడిగాను.

"పరీక్షలో అమ్మవారు అని రాయండి, గుడికి వెళ్లినప్పుడు అమ్మోరు అనే పిలవండి అన్నాను. నేను చేసింది సరేనా, అండీ?" అన్నాడు మాస్టారు, నా ముఖం వంక ఆత్రంగా చూస్తూ. గ్రంథాలు చదువుకున్న అసలు దేశపు మనిషిని కదా, నేను కాదంటే ఆయన మరునాడే దిద్దుకునేట్టున్నాడు.

మా వూళ్లో మా అమ్మ కూడా అమ్మోరనే అంటుందని చెప్పాను. ఆ మాటను నల్లబల్ల మీద రాసుకుంటానన్నాడు.